పెరట్లో రైలు, పట్టాల పక్కన గేటు క్వార్టరు

జనవరి 12

పట్టాలు వేయడం ఈ వారం మొదట్లోనే అయిపోయింది. హనుమకొండలో మా ఇంటి వెనక పెరడు 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. జామచెట్టు, కరివేపాకు, తులసి గద్దె, మా ఆవిడ టమాట మొక్కలు పోగా మిగిలిన జాగాలో గుండ్రంగా తిరిగే ఒక లైను, దానికో సైడింగు (పక్కకు చీలే పట్టా). బండి మా బావమరిది జర్మనీ నుంచి తెచ్చిన ఎల్‌జీబీ సెట్టు. 1968 నుంచి తోటల్లో నడిచే రైళ్లకు పేరున్న బ్రాండు అది. పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు. మూడేళ్లు అటక మీదే పడి ఉంది. మోకాలి ఆపరేషన్ తర్వాత బాపు (మా నాన్న) బయటికి పోవడం తగ్గించాడు. పొద్దంతా వెనక వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునే మనిషికి కళ్ల ముందు ఏదో ఒకటి కదలాలి కదా అని దింపాను.

బండి తిరుగుతుంటే బాపు రెండు రోజులు చూశాడు. మూడో రోజు అడిగాడు: "గేటేది? గేటు లేంది లైనేందిరా?"

బాపు పుట్టింది గేటు క్వార్టర్లో, అంటే రైల్వే గేటు పక్కనే గేటు కాసేవాళ్లకు ఇచ్చే ఇంట్లో. మా తాత గేట్‌మన్. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్, బాసర, నాందేడ్ మీదుగా మన్మాడ్ పోయే లైను అప్పట్లో మీటర్‌గేజ్. తర్వాత అది బ్రాడ్‌గేజ్ అయింది, ఆ క్వార్టరూ పోయింది. ఒక్క ఫొటో లేదు. లెక్క మాత్రం భలే కలిసింది. ఈ బండి స్కేలు 1:22.5, అసలు బండిలో ఇరవై రెండున్నరో వంతు. అంటే 45ను 22.5తో హెచ్చిస్తే మీటరు మీద పన్నెండు మిల్లీమీటర్లు ఎక్కువ. మా పెరట్లో ఉన్నది అచ్చం మీటర్‌గేజే. కాజీపేటలో రోజూ చూసే బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. అది కావాలంటే ఇదే స్కేల్లో పట్టాలు 74 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి.

సాయంత్రం బాపు కర్ర పట్టుకుని వరండాలో అడుగులు వేసి చూపించాడు. ఇక్కడ దర్వాజ, ఇక్కడ పొయ్యి, ఇక్కడ మా నాయిన మంచం. నేను టేపు పెట్టి కొలిచాను. పొడవు 16 అడుగులు, వెడల్పు 10. చూరు దగ్గర గోడ ఎత్తు 9 అడుగులట. స్కేలుకు దింపితే 21.7 సెంటీమీటర్లు, 13.5, 12.2. ఆరున్నర అడుగుల దర్వాజ 8.8 సెంటీమీటర్లు. లోపల నిలబడే తాత ఏడున్నర సెంటీమీటర్ల మనిషి.

మూడు ఇళ్లు కట్టాలి. గేటు క్వార్టరు, పట్టాలు బాగుచేసే గ్యాంగ్ వాళ్ల జంట క్వార్టరు, ఒక మామూలు ఊరి పెంకుటిల్లు. షోకేసులో పెట్టే బొమ్మలు కావు ఇవి. ఏడాదంతా బయటే ఉండాలి, మన ఎండలకూ మన వానలకూ.

జనవరి 26

సెలవు. ఒక్క రోజులో గేటు క్వార్టరు లేచింది. ఫ్లెక్సీలు అంటించడానికి వాడే 5 మి.మీ. పీవీసీ ఫోమ్ షీటు (మన దగ్గర అందరూ సన్‌బోర్డు అంటారు) కట్టర్‌తో వెన్నలా తెగింది. మూలలు సూపర్‌గ్లూతో అతికించాను. రాతి గోడలా కనపడాలని ముదురు బూడిద రంగు వేశాను. పైకప్పు కూడా అదే షీటు, పెన్ను మొనతో పెంకుల గీతలు. మా పాప "సూపర్ డాడీ" అంది. బాపు ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే నచ్చలేదనే.

ఫిబ్రవరి 9

కోతులు. పొద్దున ఎనిమిదింటికి ఒక మంద పెరట్లో దిగింది. జామకాయలు అయిపోయాక ఒకటి తీరిగ్గా వచ్చి గేటు క్వార్టరును రెండు చేతులా ఎత్తి, దర్వాజలోంచి లోపలికి చూసి, ఏమీ లేదని ప్రహరీ అవతలికి విసిరేసింది. ఇల్లు మొత్తం తూకం 280 గ్రాములు. పక్కింటి వాళ్ల సంపు మూత మీద దొరికింది. ఒక మూల ఊడింది, అంతే.

వాన, ఎండ అని రాసుకున్న లిస్టులో కోతిని కూడా చేర్చాను. ఇల్లు బరువుండాలి, లేదా నేలకు బిగించి ఉండాలి. రెండూ ఉంటే మంచిది.

మార్చి 30

ఉగాది. పచ్చడి తిని వెనక్కి పోయి చూస్తే పడమటి గోడ ఉబ్బి ఉంది. పొద్దుటి చల్లదనానికి కూడా సర్దుకోలేదు. స్కేలు ఆనించి చూస్తే మధ్యలో 6 మిల్లీమీటర్లు బయటికి వచ్చింది. రెండు మూలల్లో సూపర్‌గ్లూ పట్టు విడిచింది.

మధ్యాహ్నం రెండింటికి ఏసీ మెకానిక్ దగ్గర తెచ్చిన టెంపరేచర్ గన్ పెట్టి చూశాను. నీడలో 38 డిగ్రీలు ఉంటే ఆ గోడ మీద 63. ఉగాదికే ఇట్లా ఉంటే మే నెల సంగతి చెప్పక్కర్లేదు. పీవీసీ 75, 80 డిగ్రీలకు మెత్తబడే సరుకు. అంత వేడి అక్కర్లేకుండానే, ఒక వైపు కాగి ఇంకో వైపు చల్లగా ఉంటే వంగిపోతుంది. పైగా నేను వేసింది ముదురు రంగు. దాని పక్కనే పూసిన తెల్ల ప్రైమర్ ముక్క 47 దాటలేదు.

మూడు నెలలుగా వాన గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. సైట్ మీద ఇరవై రెండేళ్లుగా సూపర్‌వైజర్‌ని. స్లాబు పగిలేది వానకు కాదు, ఎండకు సాగి రాత్రికి ముడుచుకోవడం వల్ల అని మేస్త్రీలకు నేనే చెప్తాను. ఇంట్లో మాత్రం మర్చిపోయాను.

ఏప్రిల్ 13

షాపుల బోర్డులు చేసే అన్న దగ్గరికి పోయాను. మూల మీద ఏసీపీ ముక్కలు కుప్పగా పడి ఉంటాయి, రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పెట్టి నొక్కిన 3 మి.మీ. షీటు. బిల్డింగుల ముందు మెరుస్తూ కనపడేది అదే. ముక్కలకు డబ్బులు తీసుకోలేదు. "ఏం చేస్తవ్ సార్?" అన్నాడు. ఇల్లు కడతానన్నాను. నవ్వాడు.

అసలు నేర్చుకున్నది అక్కడ. నేను నాలుగు గోడలు విడివిడిగా కోసి అతికిద్దామనుకున్నాను. ఆయన షీటును బోర్లా వేసి, వెనక వైపు నుంచి రౌటర్ అనే చేతి మిషన్‌తో 'వి' ఆకారంలో గాడి తీశాడు. వెనక రేకు తెగింది, మధ్య ప్లాస్టిక్ దాదాపు అంతా పోయింది, ముందు రేకు మాత్రం అలాగే ఉంది. గాడిని బొటనవేలితో తుడిచి, రెండు చేతులతో షీటును పట్టుకుని మెల్లగా మడిచాడు. టక్కుమని ఒక్క చప్పుడు. మూల లంబకోణంలో కూర్చుంది. బయట ఎక్కడా అతుకు లేదు. అతుకే లేకపోతే నీళ్లు ఎక్కడి నుంచి దూరతాయి!

మూడు గాళ్లు, మూడు మడతలు. నాలుగో మూల ఒక్కదానికే అతుకు. దానికి లోపల అల్యూమినియం యాంగిల్ ముక్క, న్యూట్రల్ సిలికాన్. ఇది కొంచెం చూసి కొనాలి. మామూలుగా కిటికీలకు వాడే సిలికాన్ వెనిగర్ వాసన కొడుతుంది. ఆరేటప్పుడు అందులోంచి వచ్చే ఆమ్లం లోహాన్ని తింటుంది. ట్యూబు మీద న్యూట్రల్ అని రాసి ఉన్నదే తీసుకోవాలి. సూపర్‌గ్లూ ఆరితే గాజులా గట్టిపడుతుంది, ఎండకు గోడ సాగితే పుటుక్కుమంటుంది. సిలికాన్ రబ్బరులా తనూ సాగుతుంది.

రంగుకు ముందు 400 నంబరు సాండ్‌పేపర్‌తో మెరుపంతా పోయేదాకా రుద్దాను. మెటల్ ప్రైమర్, దాని మీద బయట గోడలకు వేసే ఎమల్షన్. తడి మీదే జల్లెడ పట్టిన సన్న ఇసుక చల్లి, ఆరాక ఇంకో కోటు. ఈసారి లేత రంగు, సున్నం వెలిసినట్టు. గోడ కింద జానెడు మేర (స్కేల్లో జానెడు, అసలుకు సెంటీమీటరు) జాజు పట్టీ. ఎట్లా ఉందని బాపును అడిగాను. "మా అమ్మ ప్రతి పండుగకు పూసేది" అన్నాడు.

ఏప్రిల్ 20

పైకప్పు. పెన్నుతో గీసిన పెంకులు ఇక వద్దు.

క్వార్టరు మీద ఉన్నవి మంగళూరు పెంకులు. మన వైపు చాలామంది బెంగళూరు పెంకులనే అంటారు. 1860లలో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వాళ్లు మంగళూరులో నేత్రావతి ఒడ్డున మొదలుపెట్టిన రకం. రైల్వే వాళ్లకు, సర్కారు బంగళాలకు అదే పెంకు. ఊళ్లో ఇళ్ల మీద మాత్రం కుమ్మరి చేసిన గూన. రెండింటినీ కలిపితే బాపు ఊరుకోడు.

అసలు పెంకు సుమారు 41 సెంటీమీటర్లు, 24 సెంటీమీటర్లు. స్కేల్లో 18 మిల్లీమీటర్లు, పదిన్నర. ఒకదాని మీద ఒకటి ఎక్కగా బయటికి కనపడేది పద్నాలుగు, తొమ్మిది. ఒక వైపు వాలుకు వరుసకు 27 చొప్పున 7 వరుసలు, 189. రెండు వైపులా 378 పెంకులు. ఒక్కొక్కటే చేయడం కుదరదు, ఒక వాలు మొత్తాన్నీ అచ్చుపోయాలి.

ముందు ఒక్క పెంకు. పీవీసీ ముక్కను ఆకురాయితో రుద్ది, రెండు గాళ్లు, అంచు మీద చిన్న కట్ట. దీనికే రెండు సాయంత్రాలు. దాన్ని తొమ్మిది చేసి, ఆ తొమ్మిదికి సిలికాన్ అచ్చు తీసి, అందులో ఎం-సీల్ నొక్కి 21 సార్లు తీశాను. అన్నీ పలక మీద వరుసగా పేర్చి, చుట్టూ కట్ట కట్టి, మళ్లీ అరకిలో సిలికాన్ పోశాను. చెయ్యి వణికింది. ఆ డబ్బా వెయ్యి రూపాయల పైమాటే.

ఏప్రిల్ 27

అచ్చు బాగా వచ్చింది. పాడయింది నా లెక్క.

అట్టముక్క కప్పు ఒకటి కోసి గోడల మీద పెట్టి బాపుకు చూపించాను. ఎక్కువసేపు చూడలేదు. "ఏందిరా ఇది, అగ్గిపెట్టెకు మూత పెట్టినట్టు? చూరేది? చూరు కింద మనిషి నిలబడ్డా తడవద్దు. గోడకు నీళ్లు గొడితే గోడ ఎన్నాళ్లు బతుకుతది?"

నేను చూరు ఒక సెంటీమీటరే వదిలాను. అసలు కొలతలో తొమ్మిది అంగుళాలు కూడా లేదు. ఈ కాలపు ఇళ్లకు సజ్జ తప్ప చూరుండదు, నా చేతికి ఆ అలవాటే. బాపు లెక్కన కనీసం రెండడుగులకు దగ్గరగా ఉండాలి, అంటే రెండున్నర సెంటీమీటర్లు. అంటే ఇంకో వరుస. 8 వరుసలు, 216 పెంకులు వైపుకు. అచ్చు మళ్లీ.

మూడు సార్లు ఎం-సీల్ నొక్కి ఒక వరుస పెంచి, మళ్లీ అరకిలో పోశాను. పాత అచ్చును మా ఆవిడ వేడి గిన్నెల కింద పెట్టుకుంటోంది. డైనింగ్ టేబుల్ మీద ప్రతి పూటా 189 పెంకులు కనపడతాయి.

మే 4

పోత. ఇది నా సొంత వృత్తి కాబట్టి ధైర్యంగా మొదలుపెట్టాను.

సిమెంటు 130 గ్రాములు, దోమల జాలీలో జల్లించిన ఇసుక 130, రెడ్ ఆక్సైడ్ 6 గ్రాములు. ఇళ్లల్లో ఎర్ర గచ్చు వేసేవాళ్లే, ఆ పొడే. ఇనుప ఆక్సైడు కాబట్టి ఎండకు వెలవదు. పైన పూసే రంగు ఐదేళ్లకు పోవచ్చు, ఇది సిమెంటులోనే ఉంటుంది. ఎర్రదనం చాలలేదని ఎక్కువ వేస్తే సిమెంటు బలం తగ్గుతుంది, ఐదు శాతం చాలు. నీళ్లు, వాటర్‌ప్రూఫింగ్ లేటెక్స్ రెండూ కలిపి 50 మిల్లీలీటర్లు.

సగం పోసి, పగుళ్లు రాకుండా గోడల మీద వేసే ఫైబర్ మెష్ ముక్క ఒకటి పరిచి, మిగతా సగం. మొత్తం మందం 5 మిల్లీమీటర్లు. సైట్‌లో అయితే వైబ్రేటర్ పెడతాం. ఇక్కడ మా పాప ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ వెనక భాగం అచ్చుకు ఆనించాను. బుడగలు బుడబుడమని పైకి వచ్చాయి. (కొత్త బ్రష్ కొనిచ్చాను.)

మొదటి పలక విప్పేటప్పుడు విరిగింది, ఒక్క రోజుకే తొందరపడ్డాను. రెండోది మూడు రోజులు తడి గోనె కింద ఉంచి తీశాను. అచ్చును అంచు నుంచి ఒలుస్తుంటే పెంకులు ఒక్కో వరుసే బయటపడ్డాయి, గాళ్లతో సహా, తడి ఎరుపులో, నిన్ననే ఆవం నుంచి దింపినట్టు. ఆ నిమిషం కోసమే ఈ పనంతా అనిపించింది. విప్పాక ఇంకో వారం నీళ్ల టబ్బులో.

మే 18

పలకలు ఆరగానే తెల్లటి ఉప్పు పొర తేలింది. సిమెంటులోని సున్నం నీళ్లతో పైకి వచ్చి గాలికి తెల్లబడటం. కొత్త ఇళ్ల గోడల మీద చూసేదే. కడుగుదామని వెనిగర్ తీస్తుంటే బాపు ఆపాడు. "ఉండనీ. పాత పెంకు గట్లనే ఉంటది."

కప్పు గోడలకు అతికించలేదు. రెండు వాలుల మధ్య సిలికాన్, పైన కొప్పు పెంకుల వరుస. కింద గోడ అంచుల మీద రబ్బరు బీడింగు. కప్పు దాని మీద ఊరికే కూర్చుంటుంది. ఒక్కో వస్తువు ఎండకు ఒక్కో లెక్కన సాగుతుంది. అల్యూమినియం సిమెంటు కంటే రెండింతలు సాగుతుంది. గట్టిగా పట్టేస్తే ఏదో ఒకటి పగలాల్సిందే. ఇట్లా అయితే దేని దారిన అది పోతుంది.

కిటికీలకు అద్దం బదులు 2 మి.మీ. యాక్రిలిక్. ఊచలు 22 గేజ్ ఇత్తడి తీగ. 0.7 మిల్లీమీటర్ల తీగ స్కేల్లో 16 మిల్లీమీటర్ల ఊచ, సరిగ్గా పాత కిటికీ ఊచ.

నేల మాది రేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పెద్ద ఇంటికి ఏం చేస్తామో చిన్న ఇంటికీ అదే: ఆరంగుళాలు తవ్వి, మొరం నింపి దిమ్మిస కొట్టి, పైన బేబీ చిప్స్ (సన్న కంకర). దాని మీద 25 మి.మీ. మందం సిమెంటు దిమ్మె, మూడు కిలోలకు దగ్గర. దిమ్మెలోంచి రెండు స్టెయిన్‌లెస్ స్టీల్ థ్రెడ్ రాడ్లు గోడల లోపలి యాంగిళ్లకు, రెక్క నట్లతో బిగింపు. వచ్చే కోతి రావచ్చు.

పట్టాల కింద కంకర మాత్రం తేలిగ్గా అయిపోయింది. క్రషర్ డస్టు తెచ్చి రెండు జల్లెళ్లు పడితే 2, 3 మిల్లీమీటర్ల నలుపు, బూడిద గ్రానైటు రవ్వలు. స్కేలుకు అచ్చమైన బ్యాలస్ట్. వరంగల్‌లో రాయికి కరువా!

జూన్ 8

మృగశిర. చేపల పులుసు పొయ్యి మీద ఉండగానే వాన మొదలైంది, ఈ వారంలో మూడోది. కప్పు ఎత్తి చూస్తే లోపల వేలెడు నీళ్లు.

నాకు కోపం వచ్చింది. గోడలకూ దిమ్మెకూ మధ్య చుట్టూ సిలికాన్ కొట్టాను, కిటికీలకు కొట్టాను, వైరు రంధ్రానికి కొట్టాను. బీడింగు మీద కప్పు బిర్రుగా కూర్చుంది. చీమ దూరే సందు లేదు. మరి నీళ్లు ఎట్లా వచ్చాయి? పైగా కిటికీ లోపలి వైపున తడి, గోడ మీద నల్ల బూజు మచ్చలు. ఒక ఎల్‌ఈడీ కాళ్లు అప్పుడే తుప్పు రంగు.

పులుసు తిన్నాక వరండాలో కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. మధ్యాహ్నం ఎండకు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి, దొరికిన సన్న సందులోంచి బయటికి పోతుంది. టక్కున వాన పడి కప్పు చల్లబడితే లోపలి గాలి ముడుచుకుని బయటి నుంచి పీలుస్తుంది. ఆ సమయానికి ప్రతి సందు మీదా నీటి పొర ఉంది, గాలితో పాటు దాన్నీ పీలుస్తుంది. నేను ఎంత గట్టిగా మూస్తే అంత గట్టిగా పీల్చే పంపు తయారైంది. లోపలికి వచ్చిన నీళ్లకు బయటికి పోయే దారి నేనే మూశాను.

బాపుకు చెప్తే ఆశ్చర్యపోలేదు. "మా క్వార్టర్ల పెంకుల సందుల నుంచి పొద్దున ఎండ నేల మీద రూపాయి బిళ్లలోలె పడేది. వాన పడితే రెండు చోట్ల కారేది, గిన్నె పెట్టేటోళ్లం. మల్ల తెల్లారేసరికి ఆరేది."

జూన్ 22

మూసిందంతా విప్పాను. బ్లేడు పెట్టి సిలికాన్ గీకడానికే ఒక ఆదివారం పూర్తిగా పోయింది.

దిమ్మెకు నాలుగు మూలలా 6 మి.మీ. రంధ్రాలు, కింద స్టీలు జాలీ. గోడల అడుగున 3 మి.మీ. వాషర్లు పెట్టి లేపాను, గోడ తడి దిమ్మె మీద ఆనకుండా. రెండు చివరల ముక్కోణం గోడల్లో పైన ఒక్కో గవాక్షం. పాత ఇళ్లకు ఉండేదే, పొగ పోవడానికి. ఇక్కడ వేడిగాలి పోతుంది. ముఖ్యమైనది చూరు అడుగున అంచుకు 4 మిల్లీమీటర్లు లోపలగా సన్న గాడి. సజ్జలకు మేం తప్పకుండా తీయించే గాడే. నీటి బొట్టు చూరు కింద పాకుతూ గోడ దాకా రాబోయి ఆ గాడి దగ్గర ఆగి కింద పడుతుంది. దాన్ని కూడా అచ్చులోనే పెట్టి ఉంటే బాగుండేది. ఇప్పుడు గ్రైండర్‌తో తీస్తే ఒక పెంకు అంచు లేచిపోయింది.

మగ్గుతో నీళ్లు పోసి చూశాం. మా పాప టార్చ్ పట్టుకుంది. చూరు కింద బొట్టు మెల్లగా కదిలి, గాడి అంచున వేలాడి, లావై, రాలింది. గోడ పొడిగా ఉంది. ఇంకో బొట్టు, ఇంకోటి. బాపు చెప్పిన రెండున్నర సెంటీమీటర్ల చూరు లేకపోతే ఈ గాడి ఉన్నా లాభం లేదు. గోడకు అంత దగ్గర రాలితే గాలికి గోడనే కొడుతుంది.

జూలై 13

రెండో ఇల్లు (జంట క్వార్టరు) పది రోజుల్లో అయిపోయింది. చెప్పడానికేమీ లేదు, అన్నీ తెలిసినవే.

దీపం పని. మొదట తెల్ల ఎల్‌ఈడీలు మూడు పెడితే గేటు క్వార్టరు పెట్రోల్ బంకులా వెలిగింది. తాత ఇంట్లో ఉన్నది ఒక్క కిరసనాయిలు బుడ్డి. ఒకే ఒక్క పసుపు ఎల్‌ఈడీ, 12 వోల్టుల లైనుకు 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్. నాలుగున్నర మిల్లీ ఆంపియర్లు. కిటికీలో ఆ వెలుగు ఉందా లేదా అన్నట్టుంటుంది, సరిగ్గా అట్లాగే ఉండాలట. అతుకుల మీద గ్రీజు నింపి స్లీవ్ వేసి వేడి చేశాను. వైరు ఇంట్లోకి పోయే ముందు కిందికి వంపు తిప్పాను, దాని వెంట పారే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోవాలని.

నల్ల చీమలు ఆ రంధ్రంలోంచే మన్ను మోసి లోపల పుట్ట పెట్టాయి. వైరు చుట్టూ స్పాంజి కుక్కాను. మళ్లీ పెట్టాయి. స్టీలు పీచు కుక్కాక మానేశాయి.

కోతి వచ్చింది. ఎత్తబోయింది, రాలేదు. కొప్పు పెంకు మీద కూర్చుని జామకాయ తిని పోయింది. కప్పు పగల్లేదు. ఈ వాక్యం రాయడానికి ఎన్ని రోజులుగా ఎదురుచూశానో!

ఆగస్టు 10

రాత్రంతా వాన. 2023 జూలై చివర్లో మా వీధుల్లో నడుము లోతు నీళ్లు వచ్చాయి. అప్పుడే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. అప్పటి నుంచి పెద్ద వాన చప్పుడు వింటే మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. ఇన్వర్టర్ స్టూలు మీదికి ఎక్కించాం, బాపు మందుల డబ్బా అటక మీద పెట్టాం. ఇంటి ముందు కాలువ నిండింది గానీ గడప దాటలేదు. అంత టెన్షన్‌లోనూ రెండుసార్లు వెనక తలుపు తీసి టార్చ్ వేశాను. మా ఆవిడ చూసింది, ఏమీ అనలేదు.

తెల్లారాక పెరట్లో మూడంగుళాల నీళ్లు. పట్టాలు మునిగి ఉన్నాయి. రెండు ఇళ్లూ దిమ్మెల మీద నీళ్లలో నిలబడ్డాయి. పది గంటలకల్లా నీళ్లు ఇంకాయి. కప్పులు ఎత్తాను. నేల తడిగా ఉంది, రంధ్రాలలోంచి నీళ్లు పైకి వచ్చి తిరిగి పోయాయి. కొంచెం ఒండ్రు మిగిలింది, తాత మంచం కింద సరిగ్గా. మధ్యాహ్నానికి అంతా పొడి. బూజు లేదు. తూర్పు గోడ రంగు మీద ఒక చోట బుడగ లేచింది. అక్కడ నేను సాండ్‌పేపర్ సరిగా రుద్దలేదు, నాకు గుర్తే.

పొడిబట్టతో ఒండ్రు తీసేశాను. చెంచాడుంది.

సెప్టెంబరు 7

మూడో ఇంటికి, గూన పెంకుల ఊరి ఇంటికి, అచ్చు మొదలైంది. గూన స్కేల్లో 9 మిల్లీమీటర్ల పొడవే. జ్యూస్ స్ట్రాను నిలువుగా చీల్చి అమర్చాను, వంపు బాగా కుదిరింది. ఒక వాలుకు ఎన్ని పడతాయో లెక్కపెట్టడం 400 దగ్గర ఆపేశాను.

ఇవాళ గేటు క్వార్టర్లో దీపం వెలగలేదు. కప్పు ఎత్తుదామని చేతులు వేస్తుంటే మా పాప కిటికీలోంచి టార్చ్ వేసి చూసి "డాడీ, ఆగు ఆగు" అని అరిచింది. వెనక గోడకు, పైన గవాక్షం పక్కన, రెండు తెల్లటి గుడ్లు అతుక్కుని ఉన్నాయి. చింతగింజంత. బల్లివి. వాటి కిందే ఎల్‌ఈడీ వైరు ఊడి వేలాడుతోంది, వాళ్ల అమ్మ పనే అయి ఉంటుంది. కప్పు లేపితే ఆ గోడ కదులుతుంది, గుడ్లు రాలిపోతాయి. పొదగడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది.

బాపుకు చెప్పాను, దసరాకు చుట్టాలొస్తే దీపం చూపిద్దామనుకున్నానని కూడా.

"కప్పు ముట్టకుండ వదిలేసి రా" అన్నాడు. "కిరాయికొచ్చినోళ్లను నడి వానాకాలం ఎల్లగొడ్తరా ఎవరన్న?"